తవుడు పోసి తెచ్చుకోని బిడ్డ

హేమావతి ఆ రోజు ఒక విభక్తి పేరు దగ్గర ఆగిపోయింది.

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక, సాయంత్రం కొళాయి నీళ్ళు వచ్చేదాకా ఉండే సమయం ఆమెది. ఆ సమయంలో నిఘంటువు పని చేస్తుంది. ఇంటర్నెట్లో ఎవరైనా ఊరికే చూసుకోగల నిఘంటువు అది. ఒక్కో మాటను ఏ భాషలో ఏమంటారో వరుసగా ఉంటుంది. తెలుగు వరుసలు చాలాచోట్ల ఖాళీగా ఉండేవి. అనంతపురంలో డిగ్రీ కాలేజీ లెక్చరరు ఉదయ్ కుమార్, ఎం.ఏ.లో ఆమెతో చదివిన స్నేహితురాలి తమ్ముడు, ఆ ఖాళీలు నింపే పని తలకెత్తుకుని వ్యాకరణం మాటలు ఆమెకు అప్పజెప్పాడు. దానికి జీతం లేదు, ఎక్కడా పేరు కూడా పడదు. అయినా ఒక మాట సరిగ్గా కుదిరేదాకా ఆమె వదిలేది కాదు. చుక్క పెట్టాల్సిన చోట కామా ఉంటే అన్నంలో రాయి తగిలినట్టుండేది ఆమెకు.

ఆ రోజు వచ్చిన మాట చతుర్థీ విభక్తి. 'రామదాసుకు ఇచ్చినాను' అన్నప్పుడు రామదాసు పక్కన చేరే ఆ 'కు' చేసే పనికి ప్రపంచం పెట్టుకున్న పేరు. యూరప్ భాషల వరుస పొడుగ్గా ఉంది. లాటిన్ వాళ్ళు దతీవుస్ అన్నారు, ఇవ్వడం నుంచి వచ్చిన మాట. వాళ్ళకంటే ముందు గ్రీకులు దోతికీ అన్నారు, అదీ ఇవ్వడమే. రష్యా వాళ్ళు దాతెల్నీ, ఉక్రెయిన్ వాళ్ళు దవాల్నీ, స్లొవేనియా వాళ్ళు దయాల్నిక్. మన దానం, దాత, దత్తత ఏ వేరు నుంచి వచ్చాయో అవీ అక్కడి నుంచే వచ్చాయి. చదువుతూ పోతుంటే ఖండం ఖండమంతా ఒకే చేతిని చాపి ఏదో ఇస్తున్నట్టు కనిపించింది ఆమెకు.

వరుస అడుగున కొన్ని వేరేగా ఉన్నాయి. పోలండు వాళ్ళు ఆ విభక్తికి గురి అని పేరు పెట్టారు. లిథువేనియా వాళ్ళ పేరు నౌదినింకస్, అంటే మేలు పొందేది. ఐస్లాండు వాళ్ళ మాటలో ఉన్నది అందుకోవడం. ఎక్కడో సముద్రం మధ్య ఫారో దీవుల్లో 'ఎవరికి' అన్న ప్రశ్ననే పేరుగా పెట్టుకున్నారు. జర్మనీలో బడిపిల్లలకూ అట్లాగే చెబుతారట.

ఆమె ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేసింది.

"ఇంకా దాంట్లోనే ఉండావా హేమక్కా?" అన్నాడతను. "ఏముంది దాంట్లో, చతుర్థి అని రాసెయ్. కింద వివరణలో 'దాన విభక్తి' అని పెడదాం. యూరప్ అంతా ఇచ్చేది అనే అంటాండాది కదా. పిల్లోళ్ళకు సులభంగా ఉంటాది."

"యూరప్ అంతా అనొద్దు ఉదయ్. లిథువేనియా వాళ్ళు అట్ల అనలేదు."

"ఆ దేశం యాడుందో నాకు తెలీదు గానీ, నువ్వు మాత్రం నిన్ననే పొయ్యొచ్చినట్టు చెప్తాండావు."

"తమాషా కాదప్పా. 'రామదాసుకు ఇచ్చినాను' అంటే ఆ ప్రత్యయం పడింది రామదాసు మీద. తీసుకున్నోని మీద. మల్ల పేరు మాత్రం ఇచ్చేదాని మీద ఎందుకు పెట్టినారు ఇంతమంది?"

"ఇచ్చేవాడే కదక్కా మొదలుపెట్టేది. వాడు ఇయ్యకపోతే వీడు తీసుకునేది యాడిది?"

"వీడు పట్టుకోకపోతే కింద పడతాది," అంది హేమావతి.

"సరే, సాయంత్రం లోపల ఏదో ఒగటి తేల్చు," అని అతను పెట్టేశాడు.

వాకిట్లో ఎవరో దగ్గినట్టయింది. ఎదురింటి రహంతుల్లా. స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. ఎప్పుడూ నేరుగా వంటింటి దాకా వచ్చి మంచినీళ్ళు తాగి పోయే మనిషి, ఇప్పుడు చెప్పులు విప్పి అరుగు కిందే నిలబడ్డాడు.

"చిన్నమ్మా, అమ్మ నీళ్ళు కూడా వద్దంటాది," అన్నాడు. "నిన్న డాక్టరు ఇంటికి తీస్కపొమ్మన్నాడు కదా. అప్పటి నుంచి ఒగటే మాట. పకీరమ్మను వాళ్ళమ్మకు ఒప్పజెప్పి గానీ పోనంటాది."

హేమావతి చేతిలోని ఫోన్ కింద పెట్టింది.

"నేనేం చేసేది చెప్పు. మసీదులో పెద్దాయన పొద్దున్నే చెప్పినాడు, ఇట్లాంటివి మనకు లేవని. అమ్మకు అదే చెప్తే, ఆయప్పకు ఎవరూ బిడ్డను ఇయ్యలేదులే అనింది." అతను తల గోక్కున్నాడు. "తవుడు తీసుకొని రమ్మంటాది నిన్ను."

"పాప సాయంత్రం రైలుకు వస్తాది. వచ్చినాక చూస్తాం. లేకుంటే రేపు..."

"రేపు అనే మాట వింటే అమ్మ నవ్వుతాది చిన్నమ్మా. ఇన్నేండ్లూ ఆ మాటే కదా," అన్నాడు రహంతుల్లా, చెప్పులు వేసుకుంటూ. అతని గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకు అది ఎక్కువ తగిలింది.

ధర్మవరంలో ఆ వీధికంతా తెలిసిన సంగతే అది. హేమావతికి మొదట పుట్టిన మగబిడ్డ నెల తిరగకుండా పోయాడు. రెండోది ఆడపిల్ల, పాకే వయసులో పాలు తాగడం మానేసి ఒక మధ్యాహ్నం పోయింది. మూడో కాన్పుకు అత్త కదిరమ్మ ఎవరినీ అడగలేదు. పురుటి స్నానం అయిన రోజు చేటలో తవుడు పరిచి, మీద పాత చీర మడత వేసి, దాని మీద బిడ్డను పడుకోబెట్టుకుని వీధి దాటింది. ఎదురింట్లో రహంతుల్లా తల్లి మేరాజ్ బీ అప్పుడు వీళ్ళ మగ్గాలకు కండెలు చుట్టేది. ఆమె గడపలో కూర్చుని కొంగు పట్టింది.

"ఈ బిడ్డ మాది కాదు. నీకు ఇస్తాండాం," అంది కదిరమ్మ.

"తీసుకొన్నా," అంది మేరాజ్ బీ.

అంతే. చేటలోని తవుడు మేకకు పోశారు. బిడ్డకు పకీరమ్మ అని పేరు పెట్టి, ఆ పూటే "నా బిడ్డకు పాలిచ్చి పంపు" అని మేరాజ్ బీ హేమావతి ఒళ్ళోకి తిరిగి చేర్చింది. ఒక తల్లి బిడ్డల మీద కన్నుపడిన చావు మూడోసారి కూడా ఆ ఇంటికే వస్తుందని, వచ్చి చూస్తే ఈ బిడ్డ ఇంకొకరిదని తెలిసి తిరిగి పోతుందని ఆ పక్కల నమ్మకం. ఏడాది నిండాక కన్నతల్లి కొత్త తవుడు కొలిచి పోసి, కొంగు పట్టి, బిడ్డను కొనుక్కోవాలి. అప్పటిదాకా ఎక్కడ పెరిగినా బిడ్డ ఆ రెండో ఇంటిది.

ఏడాది నిండింది. కదిరమ్మ తవుడు తెప్పించింది. హేమావతి ఆ పొద్దు బిడ్డకు జ్వరమని చెప్పింది. బిడ్డ ఒళ్ళు చల్లగా ఉంది. మరుసటి ఏడు ఆ సమయానికి ఆమె కణేకల్లు పుట్టింటికి పోయి కూర్చుంది. ఆ తర్వాత కదిరమ్మ పోయింది, గుర్తు చేసేవాళ్ళు లేకపోయారు. ఊళ్ళో అది నవ్వులాట అయింది. పద్మజ అని బడిలో రాయించిన పిల్లను వీధిలో అందరూ పకీరమ్మ అనే పిలిచారు. అల్లరి చేసినప్పుడు మేరాజ్ బీ రెండు దెబ్బలు వేసి, "నా బిడ్డను నేను కొడతా, నీకేమి? కావాలంటే తవుడు తెచ్చుకో," అనేది. హేమావతి కూడా నవ్వేది.

చదువుకున్నదానివి, ఇవన్నీ నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నమ్మనని చెప్పేది. నమ్మకపోతే పోయి తెచ్చుకోవడానికి అడ్డమేమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె లేచి మగ్గం గదిలోకి పోయింది. భర్త నాగేశ్వర మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని అంచు నేస్తున్నాడు. ఆమె చెప్పింది విన్నా, పోగుల మధ్య నాడె వేయడం ఆపలేదు.

"పొయ్యి తెచ్చుకో," అన్నాడు. "ఎదురింటి వదిన అడగక అడగక అడిగింది."

"తెచ్చుకుంటే?"

"తెచ్చుకుంటే ఏమయితాది? ఇంటికొస్తాది. రోజూ వచ్చేదే కదా."

ఆమె మగ్గం చట్రం పట్టుకుని నిలబడింది. అతను నాడె పక్కన పెట్టాడు.

"నీ ఒగదానికే భయం అనుకుంటాండావు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "అమ్మ పోయినాక నేను ఒగసారైనా గుర్తు చేసినానా? నాకు మాత్రం తెలీకనా? ఆ బిడ్డ మనదని గట్టిగా చెప్పాలంటే నాకూ నోరు రాలే."

పెళ్ళయి ఇంతకాలంలో ఆ రెండు చావుల గురించి వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నది అదే. అది కూడా అంతకంటే ముందుకు పోలేదు. అతను మళ్ళీ నాడె అందుకున్నాడు. ఆమె వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది గానీ, వరుసలోని పేర్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి. ఇచ్చేది, ఇచ్చేది, ఇచ్చేది. అందుకునేది. ఎవరికి.

సాయంత్రం పద్మజ అనంతపురం నుంచి వచ్చింది. అక్కడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. బ్యాగు దించకముందే వీధిలో సంగతి ఆమె చెవిన పడింది.

"నన్ను వాపస్ ఇస్తుందంట కదా అమ్మీ," అంది. మేరాజ్ బీని చిన్నప్పటి నుంచి అమ్మీ అనే పిలుస్తుంది. "ఏం, అంచు సరిగా కుదర్లేదా? రంగు పోయిందా?"

"అట్ల మాట్లాడొద్దు. ఆమె ప్రాణం మీద ఉండాది."

"తెలుసు. రోజూ రిపోర్టులు చూసేది నేనే కదా. నీకంటే ముందే తెలుసు నాకు." పద్మజ బ్యాగు విసురుగా కింద పడేసింది. "పదో తరగతి తప్పితే నువ్వు నాతో మాట్లాడలే. ఆమె పిలిచి సేమ్యా చేసి పెట్టింది. నా బిడ్డ తప్పితే నేను చూసుకుంటా అనింది. ఇప్పుడు చచ్చేటప్పుడు వదిలించుకుంటదా? నేను పోను. నువ్వూ పోవద్దు. తీసుకునేవాళ్ళు లేకపోతే ఎట్ల ఇస్తాదో చూస్తా."

హేమావతికి కూతురి మాటలో తన మాట వినిపించింది. ఇద్దరూ ఒకటే కోరుతున్నారు. కూతురు ప్రేమతో కోరుతోంది, తాను భయంతో. ఆ కోరిక వల్లే ఎదురింట్లో ఒక మనిషి గొంతులో నీళ్ళు దిగడం లేదు.

"చూసొద్దాం పద," అంది. "తవుడు తీసుకుపోను. ఊరికే చూసొద్దాం."

మేరాజ్ బీ పడసాలలో నులకమంచం మీద ఉంది. కాళ్ళు వాచి, ముఖం మాత్రం పిల్లముఖం లాగా చిన్నదైంది. కోడలు నాజియా తల కింద ఇంకో దిండు పెట్టి, వీళ్ళకు చాప పరిచింది. రహంతుల్లా వాకిలికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమమ్మా హేమా," అంది మేరాజ్ బీ. గొంతు సన్నగా ఉంది గానీ దాంట్లో మునుపటి వాడి ఉంది. "తవుడు యాడ?"

"తేలేదక్కా."

"తేవని తెలుసు. ఇన్నేండ్ల అలవాటు ఒగ పూటలో పోతాదా?" ఆమె నవ్వబోతే దగ్గు వచ్చింది. నాజియా నీళ్ళు అందిస్తే చేత్తో నెట్టేసింది. "నీకు భయం ఉన్నింది. నాకు ఆశ ఉన్నింది. నీ భయం నాకు మేలయింది, హేమా. ఆడబిడ్డ లేని ఇంట్లో ఆడబిడ్డ తిరిగింది. పండగకు గాజులు తెచ్చే పని పడింది నాకు. అందుకే నేనూ గట్టిగా అడగలే. తవుడు తెచ్చుకో తెచ్చుకో అని నవ్వుతా అన్నానే గానీ, నువ్వు నిజంగా తెస్తావేమోనని ఒగో రోజు తలుపేసుకుందును."

పద్మజ మంచం పట్టె మీద కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. "అయితే ఇప్పుడూ తలుపేసుకో అమ్మీ. ఎవరొద్దన్నారు? ఉంచుకో నన్ను."

"ఇది అమానత్ బేటీ. ఒగరు నమ్మి చేతిలో పెట్టింది. చేతిలో పెట్టుకొని పోతే ఆడ అడుగుతారు."

"నేను చెప్తా ఆడ. నేనే ఉంచుకొమ్మన్నానని."

"నువ్వెవరు చెప్పేకి? నిన్ను ఇచ్చేటప్పుడు నిన్ను అడిగినామా?"

"అప్పుడే అడగాల్సింది," అంది పద్మజ. వాకిట్లో రహంతుల్లా నవ్వి, నవ్వినందుకు తల దించుకున్నాడు.

మేరాజ్ బీ కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు పద్మజను కాదు, హేమావతిని చూసింది.

"విను హేమా. నేను పోయినాక ఇది ఎవరి బిడ్డ? నా కొంగులోనే ఉంటే చచ్చినదాని బిడ్డ. ఆ పేరు దీనికొద్దు. నువ్వు దేనికి భయపడి ఈడ పెట్టినావో, ఇప్పుడు అది ఈ ఇంట్లోనే మంచం పక్కన కూర్చోనుండాది. ఇంగా ఈడ్నే పెడతావా?"

ఇన్నేళ్ళు హేమావతి ఎదురింటి గడపను గోడ అనుకుంది. ఆ గోడ ఇప్పుడు ఊపిరి ఆడక మంచం మీద పడి ఉంది.

అప్పుడే నాగేశ్వర లోపలికి వచ్చాడు. చంకలో చేట, చేతిలో గుడ్డసంచి. చొక్కా మీద తెల్లటి పొడి పడి ఉంది.

"ఇప్పుడు తవుడు యాడ దొరుకుతాది వదినా," అన్నాడు, ఆలస్యానికి మన్నింపు అడుగుతున్నట్టు. "అందరూ మూటబియ్యమే. ఎద్దుల దాణా అంగడికి పొయ్యి తెచ్చినా. దాంట్లో కొంచెం గానుగ చెక్కపొడి కలిసి ఉండొచ్చు."

"మా బిడ్డకు కల్తీ తవుడు తెచ్చినావా?" అంది మేరాజ్ బీ.

అతను ముందుకొచ్చి చేట మంచం పక్కన పెట్టి సంచి ఒంపాడు. పద్మజ తండ్రి వైపు కోపంగా చూసింది. "నాయనా, నువ్వు కూడానా?" అతను భుజం మీద తువ్వాలు తీసి ముందుకు పట్టాడు, బిడ్డను అందుకోబోయేవాడిలాగా.

"నీకు కాదు నాగేశ్వరా," అంది మేరాజ్ బీ. "తల్లి పట్టాల."

హేమావతి చాప మీదే ఉంది. ఆ రోజు చేట వీధి దాటడం కళ్ళ ముందు కనబడింది. ఇచ్చింది కదిరమ్మ. తీసుకున్నది మేరాజ్ బీ. తాను ఇచ్చిందీ లేదు, తీసుకున్నదీ లేదు. పచ్చి బాలింతరాలు, తలకు గుడ్డ కట్టుకుని గడపలో నిలబడి చూసింది, అంతే. ఆ తర్వాత ఇన్నేళ్ళూ అదే గడపలో నిలబడి ఉంది. పాలిచ్చింది, బడికి పంపింది, జడ వేసింది, తిట్టింది. నాది అని మాత్రం ఏ రోజూ చేయి చాపలేదు. చాపితే ఎవరో చూస్తారని.

మేరాజ్ బీ పద్మజ మణికట్టు పట్టుకుని పైకెత్తింది. పట్టుకున్నది ఎదిగిన పిల్ల చేయి, బరువే. పద్మజ వెనక్కి లాక్కోవాలనుకుంటే క్షణంలో లాక్కోగలదు. ఆమె లాక్కోలేదు. అమ్మీ చేయి వణకడం చూసి, తన రెండో చేత్తో దాని కింద ఆసరా పెట్టింది. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఆ రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. వాటిని అందుకునేవాళ్ళు లేరు.

హేమావతి మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగింది. కొంగు తీసి రెండు చేతుల మీద పరిచి పట్టింది. మేరాజ్ బీ ఆ మణికట్టును కొంగులో పెట్టింది.

"నీ బిడ్డ. నీకు ఇస్తాండా."

హేమావతి కొంగు అంచులు రెండూ ఆ మణికట్టు మీదకు మడిచింది.

"తీసుకొన్నా," అంది.

మేరాజ్ బీ చేటలోకి చేయి పెట్టి గుప్పెడు తవుడు తీసి చూసింది. "చెక్కపొడే ఎక్కువ ఉండాది," అని గొణిగి, చేయి దులుపుకుంది. తర్వాత నాజియా వైపు తిరిగి నీళ్ళు అడిగింది. నాజియా చెంచాతో పోస్తే రెండు గుక్కలు లోపలికి పోయాయి.

ఆ రాత్రి పద్మజ ఇంటికి రాలేదు. "నేనిప్పుడు మీ బిడ్డనే కదా, ఎదురింటి వాళ్ళకు సాయం చేస్తాండా," అని ఎకసెక్కంగా చెప్పి, మంచం పక్కనే పడుకుంది.

మరునాడు ఉదయ్ కుమార్ ఫోన్ చేశాడు. "ఏం తేల్చినావక్కా? దానమా, కాదా?"

"కాదు. చతుర్థి అనే ఉంచినా. వివరణలో, ఎవరికి, ఎవరి కోసం అనే ప్రశ్నలకు జవాబుగా వచ్చేది అని రాసినా."

"ఇచ్చేవాన్ని పూర్తిగా తీసేసినావా?"

"వాడు ప్రథమలో ఉన్నాడు లేప్పా. వానికేం తక్కువ లేదు."

అతను నవ్వాడు. "మరి ఐస్లాండు వాళ్ళ మాట సరిగ్గా చూసినావా? మేలు అని ఒగ చోట, అందుకోవడం అని ఒగ చోట ఉండాది."

"రెండూ రాసినా. రెండూ ఒగటి కాదు," అంది హేమావతి. ఎందుకు కాదో అతను అడగలేదు. అడిగితే ఆమె చెప్పగలిగేది కూడా కాదు. అందుకున్న తర్వాత ఆమెకు మేలు కలిగినట్టేమీ లేదు. గుండెలోకి ఏదో బరువు వచ్చి స్థిరపడినట్టుంది, కదిలితే తెలుస్తోంది.

మేరాజ్ బీ ఆ వారంలోనే, తెల్లవారి నమాజు వేళకు పోయింది. స్నానం చేయించే ఆడవాళ్ళకు పద్మజ గుమ్మం దాకా బిందెలతో నీళ్ళు అందించింది. కదిరి నుంచి వచ్చిన బంధువుల్లో ఒకామె, బొట్టు పెట్టుకున్న ఈ పిల్ల ఎవరని అడిగింది. "మా ఆడబిడ్డ," అంది నాజియా, తల తిప్పకుండా. హేమావతి అక్కడే ఉంది, విన్నది. ఇప్పుడు లెక్క ప్రకారం ఆ మాట చెల్లదు. ఆమె సరిచేయలేదు. నిఘంటువులో తప్పు మాట కనబడితే ఊరుకోని మనిషి, ఆ మాటను అట్లాగే ఉండనిచ్చింది.

మట్టి ఇచ్చి మగవాళ్ళు తిరిగి వచ్చాక రహంతుల్లా ఖాళీ చేటను కడిగి ఎండబెట్టి, తెచ్చి అరుగు మీద పెట్టి పోయాడు.

నెల గడవకముందే పద్మజకు జ్వరం పట్టుకుంది. పొద్దున రైలెక్కబోతూ స్టేషన్లో కూలబడితే రహంతుల్లానే ఆటోలో తెచ్చి దించాడు. డాక్టరు చూసి, విషజ్వరం, ఊళ్ళో శానా మందికి ఉంది, తగ్గుతుంది అన్నాడు. మాత్రలు వేసినా మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. పద్మజ కళ్ళు తెరవడం లేదు.

హేమావతి లేచి వాకిట్లోకి వచ్చింది. వీధి దాటబోయి, అరుగు దిగాక ఆగిపోయింది. ఇన్నేళ్ళలో బిడ్డకు ఎప్పుడు ఒళ్ళు వెచ్చబడినా ఆమె చేసినది అదే. ఎదురింటి గడపలో నిలబడి, "అక్కా, నీ బిడ్డకు జ్వరం" అనేది. మేరాజ్ బీ వచ్చి చేయి వేసి, "నా బిడ్డకేం కాదు, నువ్వు పొయ్యి వంట చేసుకో," అనేది. ఆ మాటతో ఆమెకు చేతులు ఆడేవి. ఎవరి బిడ్డో అయినట్టు, తాను సాయానికి వచ్చిన మనిషైనట్టు.

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. లోపల నాజియా అలికిడి వినబడుతోంది. పిలిస్తే వస్తుంది. కానీ ఆ మాట చెప్పడానికి అక్కడ మనిషి లేదు.

ఎండలో నిలబడి ఉండగా ఆమెకు మొదటి బిడ్డ ముఖం గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా గుర్తు తెచ్చుకోని ముఖం. రెండోదాని పెదవులు, పాలు పట్టక పక్కకు తిరిగిపోయిన ఆ పెదవులు. ఆ ఇద్దరినీ తాను ఎవరి కొంగులోనూ పెట్టలేదు. వాళ్ళు పూర్తిగా తనవాళ్ళు. పోయినప్పుడూ పూర్తిగా తనకే పోయారు.

ఆమె వెనక్కి తిరిగి లోపలికి పోయింది. బొక్కెనలో నీళ్ళు, పాత పంచె గుడ్డ తెచ్చి మంచం పక్కన కూర్చుంది. నాగేశ్వర మగ్గం గది నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎట్లుండాది?"

"కాలిపోతాంది."

"ఎవరినన్నా పిలుద్దునా?"

"వద్దు. నేనుండా కదా," అంది హేమావతి.

అతను వచ్చి మంచం అవతల కూర్చున్నాడు. ఆమె గుడ్డ తడిపి, పిండి, కూతురి నుదుటి మీద వేసింది. అది వేడెక్కగానే తీసి మళ్ళీ తడిపింది. పద్మజ కళ్ళు తెరవకుండానే "అమ్మీ" అంది.

"నేనే," అంది హేమావతి. "మీ అమ్మను." కూతురి తల ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.